పెళ్లి ఫోటోలు, అల్లుడి ప్రింటర్, మా వారి పంతం

కాకినాడ నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి కుదించి ఇస్తున్నాను.

మాఘమాసంలో వాళ్ల అమ్మాయి పెళ్లి చేశారు. ఫోటోగ్రాఫర్ ఒక కరిజ్మా ఆల్బమ్, నాలుగు వేల పైచిలుకు ఫోటోలున్న హార్డ్ డిస్క్ చేతిలో పెట్టి లెక్క ముగించాడు. ఆల్బమ్ నిండా వధూవరులే. స్టేజీ ఎక్కి అక్షింతలు వేసి ఫోటో దిగిన చుట్టాలు మాత్రం కనిపించినప్పుడల్లా "మా ఫోటో ఏదమ్మా?" అని అడుగుతున్నారు. వాట్సాప్‌లో పంపితే పెద్దవాళ్లకి ఆనడం లేదట. కూర్చుని ఏరితే 250 ఫోటోల దాకా తేలాయి. శ్రావణంలో అమ్మాయి మంగళగౌరీ నోముకి పుట్టింటికి వస్తుంది. ఆ పేరంటానికి వచ్చినవాళ్లకి ఫోటోలు చేతిలో పెట్టాలని ఈవిడ కోరిక.

బెంగళూరులో ఉన్న అల్లుడు ఈ సంగతి విని, "అత్తయ్యగారూ, ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్ నేను ఆర్డర్ పెడతాను, ఇంట్లోనే తీసుకుందురుగాని" అన్నాడు. అది ఇరవై వేల పైమాట. ఇంజినీరింగ్ చదివే కొడుకు మాత్రం అంత పెద్దదెందుకు, చేతిసంచిలో పట్టే క్యానన్ కంపెనీ సెల్ఫీ (SELPHY) ప్రింటర్ చాలంటున్నాడు. అదీ పదివేలు దాటుతుందట. భర్తకి రెండూ గిట్టలేదు. "కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులకని కొన్న స్కానర్ ప్రింటర్ మూలన పడి ఉంది. రంగు పేజీ కొడితే చారలు చారలుగా వస్తోంది. ఇప్పుడు దానికి తోడు ఇంకొకటా? అయినా అల్లుడి చేత వస్తువులు కొనిపించుకునే గతి మనకి పట్టలేదు" అన్నారు. ఊళ్లో ల్యాబ్‌లో కడిగిస్తే ఫోటోకి 15 రూపాయలంటున్నారు.

ఇవి చాలవన్నట్టు, ఎనభై దాటిన అత్తగారు పోయిన మామగారి నలుపు తెలుపు ఫోటో ఒకటి పెద్దది చేయించమంటున్నారు. అది ఫ్రేములో అద్దానికి అంటుకుపోయింది. పక్కింటావిడేమో ప్రింటర్ కొంటే పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తీసి నాలుగు డబ్బులు చేసుకోవచ్చని ఆశ పెడుతోంది. "అల్లుడిది వద్దంటే చిన్నబుచ్చుకుంటాడు. సరేనంటే మా వారు నెల రోజులు నాతో మాట్లాడరు. ఏ ప్రింటర్ కొనాలి? అసలు కొనాలా?" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ ఇంట్లో అందరూ ఒకే ప్రింటర్ గురించి వాదించుకుంటున్నట్టు కనిపిస్తోంది గానీ ఒక్కొక్కరి మనసులో ఒక్కో పని ఉంది. మీకు శ్రావణం లోపు 250 ఫోటోలు కావాలి. అల్లుడు మీరు ఏడాది పొడవునా ప్రింట్లు తీస్తూనే ఉంటారనుకుంటున్నాడు. అబ్బాయి అప్పుడప్పుడూ నాలుగు తీసుకుంటే చాలనుకుంటున్నాడు. అత్తగారికి కావలసింది ఒకే ఒక్క పెద్ద ఫోటో. వీటన్నిటికీ ఒకే యంత్రం కొంటే ఏదో ఒక పనికి అది తప్పకుండా అక్కరకు రాదు. అందుకని ఒక్కో పనినీ విడిగా చూద్దాం.

ముందు ఆ 250 ఫోటోలు. వీటిని ల్యాబ్‌కే ఇవ్వండి. 15 చొప్పున 3,750 రూపాయలు. ఒకేసారి ఇన్ని ఇస్తున్నాం కదా అని అడిగితే కొంత తగ్గించే అవకాశం కూడా ఉంది. పాత పద్ధతి ఫోటో కాగితం మీద రసాయనాల్లో కడిగే ల్యాబ్ అయితే రంగులు ఫోటో ఫోటోకీ మారిపోకుండా ఒకే తీరుగా వస్తాయి. ఇదే పని అబ్బాయి చెప్పిన సెల్ఫీ మీద చేస్తే ఎలా ఉంటుందో చూడండి. సీపీ1500 మోడల్ పోస్ట్‌కార్డ్ సైజు ఫోటో ఒకటి తీయడానికి 41 సెకన్లు పడుతుందని కంపెనీ చెబుతుంది. అంటే 250కి దాదాపు మూడు గంటలు, అదీ ఎక్కడా ఆగకుండా నడిస్తే. ట్రేలో పట్టేది 18 కాగితాలు. అందులో సిరాకి బదులు రంగు రిబ్బన్ ఉంటుంది, అది ఒకటి 36 ఫోటోలకి వస్తుందనుకుందాం. మీరు పద్నాలుగు సార్లు కాగితం, ఏడు రిబ్బన్లు మార్చాలి. వరసగా తీస్తుంటే వేడెక్కి మధ్యలో కాసేపు ఆగిపోతుంది కూడా. పేరంటం వారం ఉందనగా ఇంట్లో ఆడవాళ్లు చేయాల్సిన పని కాదిది.

ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. పెళ్లి ఫోటోగ్రాఫర్ల కెమెరాల్లో ఫోటో మామూలుగా 3:2 కొలతలో ఉంటుంది. 4×6 కాగితం కొలత కూడా అదే, కాబట్టి అంచులు తెగవు. ఫోన్ ఫోటోలు అలా కాదు, ఎక్కువగా 4:3లో ఉంటాయి. ఆరు అంగుళాల పొడవుకి నాలుగున్నర అంగుళాల వెడల్పు కావాలి, కాగితం ఉన్నది నాలుగే. ఆ అర అంగుళం కోతలో ఎవరి తలపాగా పోతుందో, ఎవరి కాళ్లు పోతాయో చెప్పలేం. మీరు ఏరినవాటిలో బంధువులు ఫోన్లలో తీసి పంపినవి ఉంటే వాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టి, తెల్ల అంచుతో పూర్తి ఫోటో వేయమని చెప్పండి.

ఇక మీ వారి మాట. పంతం కింద కొట్టిపారేయకండి, ఆయన చెప్పినదాంట్లో సాంకేతికంగా తప్పేమీ లేదు. సిరాతో నడిచే ప్రింటర్ల హెడ్‌లో, అంటే సిరా చిమ్మే భాగంలో, వెంట్రుక కంటే సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిని నాజిళ్లంటారు. నెలల తరబడి వాడకపోతే సిరా అందులోనే ఎండి గడ్డకడుతుంది. ఆ రంధ్రం మూసుకున్నచోట తెల్ల చార. మీ మూలన పడ్డ ప్రింటర్‌కి జరిగింది ఇదే అయ్యుంటుంది. అల్లుడు చెప్పిన ఆరు రంగులది (ఎప్సన్ ఎల్8050 లాంటిది అనుకుంటాను) ఫోటోల విషయంలో చాలా మంచి యంత్రం. మామూలు నాలుగు రంగులకి తోడు లేత సయాన్ (నీలం), లేత మెజెంటా (గులాబీ) ఉండటం వల్ల బుగ్గల మీద నీడలు, పట్టుచీర మెరుపు చుక్కలు చుక్కలుగా కాకుండా నునుపుగా వస్తాయి. ఏ4 దాకా ఏ సైజైనా తీస్తుంది. ఐడీ కార్డులు వేసే జిరాక్స్ షాపుల్లో కూడా దీన్ని చూడొచ్చు. కానీ అదీ సిరా ప్రింటరే. వారానికోసారైనా రంగు పేజీ ఒకటి తీయకపోతే ఎండిపోయే గుణం దానికీ ఉంది. ఎండడానికి రంగులు నాలుగు కాదు, ఆరు.

డబ్బు లెక్క కూడా వేద్దాం. ట్యాంక్ ప్రింటర్‌లో సిరా, కాగితం కలిపి చూసుకుంటే ఒక్కో ఫోటోకి ల్యాబ్ మీద 8 రూపాయలు మిగులుతాయనుకోండి. ప్రింటర్ ఖరీదు ఇరవై వేలు రాబట్టాలంటే 2,500 ఫోటోలు తీయాలి. పెళ్లి ఫోటోలు అయిపోయాక మీరు నెలకి 15 తీస్తారనుకున్నా ఆ లెక్క పూర్తి కావడానికి పన్నెండేళ్ల పైనే పడుతుంది. మధ్యలో మూసుకున్న నాజిళ్లు శుభ్రం చేయడానికి పోయే సిరా నేను ఇందులో కలపలేదు. అలాగని అది ఎవరికీ పనికిరాదనను. ఇంట్లో స్కూలు పిల్లలుండి ప్రాజెక్టులూ చార్టులూ ప్రతి వారం వేయాల్సి వస్తే, లేదా ఫోటోగ్రఫీ పిచ్చి ఉన్నవాళ్లుంటే నేనూ అదే కొనమంటాను. మీ ఇంట్లో ఆ వాడకం నాకు కనిపించలేదు.

అబ్బాయి చెప్పినది వేరే జాతి. అందులో ద్రవం అంటూ ఏమీ ఉండదు. పసుపు, మెజెంటా, సయాన్ రంగులు పూసిన సన్నని రిబ్బన్‌ని వేడి చేస్తే ఆ రంగు ఆవిరై కాగితంలోకి ఎక్కుతుంది. కాగితం ముందుకీ వెనక్కీ నాలుగు సార్లు తిరుగుతుంది. మొదటి మూడు సార్లు రంగులు, నాలుగోసారి పైన ఒక పారదర్శకమైన పూత. ఆ పూత వల్ల బయటికి రాగానే చేత్తో పట్టుకోవచ్చు, తడి చేయి తగిలినా రంగు చెదరదు. ఆరు నెలలు బీరువాలో పెట్టి తీసినా ఎండిపోవడానికి అందులో సిరా లేదు. మీ వారి అభ్యంతరానికి సూటిగా సమాధానం చెప్పగలిగేది మీ ఇంట్లో ప్రస్తావనకి వచ్చినవాటిలో ఇదొక్కటే.

దీని లోపాలూ చెప్పాలి. సుమారు 4×6 దాటి పెద్దది తీయదు. కాగితం, రిబ్బన్ కలిసిన ప్యాకెట్ కంపెనీదే కొనడం మంచిది. 108 ఫోటోల ప్యాకెట్ ధర ఎంతో అడిగి 108తో భాగించండి, అదే ఒక్కో ఫోటో ఖర్చు. ల్యాబ్ ధర కంటే ఎక్కువే తేలుతుంది. సిరా ప్రింటర్‌కి బజారులో చవక సిరా దొరికినట్టు దీనికి పొదుపు దారులు అంతగా లేవు. ఫోటోలో ఎర్రచీర ఉన్నా, తెల్లగోడ ఉన్నా ఒకే నిడివి రిబ్బన్ ఖర్చవుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వాడేసిన రిబ్బన్‌ని వెలుగుకి పెట్టి చూస్తే మీరు తీసిన ప్రతి ఫోటో అందులో నెగెటివ్‌లా కనిపిస్తుంది. ఇంటి ఫోటోలు కదా, చెత్తబుట్టలో వేసేముందు కత్తిరించి పడేయండి.

మరి ల్యాబ్ కంటే ఖరీదైనదాన్ని ఇంట్లో ఎందుకు పెట్టుకోవాలి? మీ ఉత్తరంలోనే కారణం ఉంది, మీరు గమనించినట్టు లేదు. పేరంటానికి వచ్చినవాళ్లకి ఆరు నెలల కిందటి పెళ్లి ఫోటో ఇస్తారు, బాగుంది. అదే రోజు అమ్మాయి పక్కన కూర్చుని పసుపు రాయించుకుంటూ దిగిన ఫోటో, వాయనం అందుకుని చెప్పులేసుకునేలోపు వాళ్ల చేతికొస్తే? ల్యాబ్ ఎంత చవకైనా ఈ పని చేయలేదు. 41 సెకన్లు 250 ఫోటోలకి నరకం, పాతిక మంది పేరంటాళ్లకి మాత్రం సరదా. ఫోన్ నుంచి వైఫైతో నేరుగా ప్రింట్ పంపొచ్చు, ఆ పని అబ్బాయికి అప్పజెప్పొచ్చు. నోము అయ్యాక కూడా సీమంతాలు, బారసాలలు వస్తూనే ఉంటాయి. ఇంట్లో ప్రింటర్ అవసరమా అనే ప్రశ్నకి నా కొలబద్ద ఇదే: అప్పటికప్పుడు కావలసిన ఫోటోలు మీ ఇంట్లో ఏడాదికి ఎన్నిసార్లు వస్తాయి? ఒక్క నోము కోసమే అయితే పదివేలు దండగ. నాలుగైదు సందర్భాలుంటే ఆలోచించవచ్చు.

కాబట్టి మీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ కొనకుండా అంతా ల్యాబ్‌లో చేయించడం అన్నిటికంటే చవక. మీ వారు సంతోషిస్తారు. మీరు మాత్రం ప్రతిసారీ పెన్ డ్రైవ్ పట్టుకుని ఎవరినో బతిమాలి పంపాలి, చివరికి ఫోటోలు కడిగించడమే మానేస్తారు. చాలా ఇళ్లలో జరిగేది అదే. రెండోది, పెళ్లి ఫోటోలు ల్యాబ్‌కి, రోజువారీ చిన్నవాటికి సెల్ఫీ. నేను మొగ్గేది ఇటువైపే. కానీ ఏడాదికి ఒకటో రెండో ప్యాకెట్ల ఖర్చు ఉంటుందని ముందే ఒప్పుకోవాలి. మూడోది అల్లుడి ఆరు రంగుల ప్రింటర్. దాన్ని తెప్పించుకుంటే వారం వారం దానికి పని చెప్పే మనిషి ఇంట్లో ఎవరో తేల్చుకోండి. కొడుకు హాస్టల్లో ఉంటాడా, ఇంట్లోనా? మీరు రాయలేదు. హాస్టలైతే ఈ దారి మర్చిపోండి.

అల్లుడి సంగతికి వస్తే, మీ వారిది డబ్బు బాధ కాదని మీకు తెలుసు. పెళ్లయి ఏడాది తిరగకుండానే అల్లుడి చేత వస్తువు కొనిపించుకున్నారని వియ్యాలవారి ఇంట్లో ఒక మాట పడుతుందేమోనని ఆయన భయం. అది పైకి చెప్పలేక పాత ప్రింటర్‌ని అడ్డం పెట్టుకున్నారు. మీరు ప్రింటర్ గురించి ఎంత వాదించినా ఆ భయం తీరదు. అలాగని అల్లుడికి "మీ మావయ్యగారు వద్దన్నారు" అని చెప్పారంటే ఇద్దరి మధ్యా లేనిపోని దూరం పెట్టినవారవుతారు. నిజమే చెప్పండి: "బాబూ, మా వాడకం నెలకి పది ఫోటోలు, నువ్వు చెప్పినది మా ఇంట్లో ఎండిపోతుంది, చిన్నది మేమే కొనుక్కుంటున్నాం. ఏది కొనాలో నువ్వూ తమ్ముడూ కలిసి చూసి పెట్టండి." డబ్బు కాకుండా సలహా అడిగితే అతనికీ గౌరవమే. అయినా కొని పంపిస్తానని పట్టుబడితే ఫోటో కాగితాల ప్యాకెట్ ఒకటి తెమ్మనండి. దసరాకి వచ్చేటప్పుడు అల్లుడు అంతమాత్రం తెస్తే మీ వారు కూడా కాదనరు. ఒకవేళ అతను అడగకుండానే ఆర్డర్ పెట్టేసి పెట్టె గుమ్మంలోకి వచ్చేస్తే మాత్రం తిప్పి పంపకండి. ప్రింటర్ ఎండినా ఫరవాలేదు. మొహం మీద తిప్పికొట్టిన బహుమతిని మాత్రం అల్లుళ్లు చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

ఆ మూలన పడ్డ ప్రింటర్‌ని కూడా ఓసారి దించండి. దాంట్లో నాజిల్ చెక్ అనే పేజీ తీస్తే ఏ రంగు ఆగిపోయిందో తెలుస్తుంది. హెడ్ క్లీనింగ్ ఒకటి రెండుసార్లు చేసి, ఆపి, మర్నాడు మళ్లీ ప్రయత్నించండి. కోపంతో పదిసార్లు వరసగా నొక్కకండి. ఆ శుభ్రానికి వాడిన సిరా అంతా లోపల ఒక ప్యాడ్‌లోకి పోతుంది, అది నిండిందంటే ప్రింటర్ మొరాయించి సర్వీసు సెంటర్ దారి చూపిస్తుంది. బాగుపడినా నాలుగు రంగుల యంత్రం కాబట్టి పుస్తకాలకీ, హాల్‌టికెట్లకీ వాడుకోండి. బాగుపడకపోయినా దాని మీదున్న స్కానర్‌కి సిరాతో పనిలేదు. మీ అత్తగారి కోరికకి కావలసింది అదే.

మామగారి ఫోటోని అద్దం నుంచి లాగొద్దు. ఎవరు చెప్పినా లాగొద్దు. తేమకి ఫోటో పైపూత అద్దానికి అతుక్కుని ఉంటుంది, లాగితే మొహం అద్దంతో పాటే ఊడొస్తుంది. ఫ్రేము మాత్రం విప్పి, అద్దాన్ని బయట బాగా తుడిచి, అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి చూడండి. మధ్యలో అద్దం ఉండటం వల్ల కొన్ని స్కానర్లలో మసకగా రావచ్చు, అలా వస్తే స్టూడియోవాళ్ల చేతే చేయించండి. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్‌లోనే స్కాన్ చేస్తే మరకలు దిద్దేవాడికి పని తేలికవుతుంది. ఆ ఫైలు మంచి స్టూడియోలో ఇచ్చి, మరకలు తీయించి, ఏ4 సైజులో అక్కడే ప్రింట్ వేయించండి. మామూలు రంగుల ప్రింటర్‌లో నలుపు తెలుపు ఫోటో తీస్తే పచ్చగానో, వంగపండు రంగుగానో ఛాయ కొడుతుంది, ఆవిడ ఒప్పుకోరు. మరకలు దిద్దేవాళ్లకి ముందే ఒక మాట చెప్పండి: మొహం నునుపు చేసి కొత్త మనిషిని తయారు చేయొద్దని. ఈమధ్య ఆ సరదా ఎక్కువైంది. కొత్త ఫ్రేములో ఫోటోకీ అద్దానికీ మధ్య మౌంట్ అట్ట పెట్టిస్తే మీ సముద్రపు గాలికి మళ్లీ అంటుకోదు.

పక్కింటావిడ ఆశ గురించి ఎక్కువ చెప్పను. 4×6 కాగితం మీద 35×45 మిల్లీమీటర్ల ఫోటోలు ఎనిమిది పడతాయి, అది నిజం. కానీ పాస్‌పోర్ట్‌కి ఇప్పుడు సేవా కేంద్రంలోనే ఫోటో తీస్తున్నారు. మిగిలిన దరఖాస్తులు చాలావరకు ఫైలు అప్‌లోడ్ చేస్తే సరిపోతున్నాయి. ఎవరైనా అడిగితే తీసివ్వండి. వ్యాపారం అనుకుని మాత్రం ప్రింటర్ కొనకండి.

చిన్నది కొనాలనే నిశ్చయానికి వస్తే, కాకినాడలోనో రాజమండ్రిలోనో ముందు ప్యాకెట్ దొరికే షాపు చూసుకుని ఆ తర్వాత ప్రింటర్ కొనండి. పేరంటం పొద్దున కాగితాలు అయిపోతే ఆన్‌లైన్ ఆర్డర్ ఆదుకోదు. అమ్మాయి పంపే ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా కాకుండా హెచ్‌డీలోనో, డాక్యుమెంట్‌గానో పంపమనండి. 4×6కి 300 డీపీఐ చొప్పున 1200×1800 పిక్సెళ్లుంటే నిండుగా వస్తుంది, అంతకి బాగా తగ్గితే మసక. విప్పిన ప్యాకెట్లో మిగిలిన కాగితాన్ని మళ్లీ కవర్లో పెట్టి మూయండి. షాపుకి మీ వారిని కూడా తీసుకెళ్లి, ఆయన ఫోన్‌లోంచే ఒక ఫోటో తీయించి చూపించమనండి. బిల్లు ఆయన పేరు మీద రాయించండి.